దొంగలు మా దాకా వస్తారా? గూఢచర్యాన్ని ఎదుర్కోవడానికి మా కంపెనీని సిద్ధం చేసిన నా అనుభవం

విదేశీ సైబర్ దాడులు, పారిశ్రామిక గూఢచర్యం గురించి మా కంపెనీలో అందరికీ అవగాహన కల్పించే పని నాకు అప్పగించారు. ఏ విభాగంలో అడుగుపెట్టినా ఎదురైన ప్రశ్న ఒక్కటే: “మన దగ్గర ఏముందని వస్తారండీ?”

మేం తయారుచేసేది పెద్ద పంపులకూ కంప్రెసర్లకూ వాడే వాల్వులు, సీళ్లు. క్షిపణులు కాదు, చిప్పులూ కాదు. కాబట్టి ఆ ప్రశ్న అడిగినవాళ్లను తప్పుపట్టలేం. కానీ దానికి నమ్మదగ్గ జవాబు చెప్పేదాకా మిగతా పాఠాలేవీ ఎవరి చెవికీ ఎక్కవని మాత్రం తొందరగానే అర్థమైంది. పాస్‌వర్డ్ పొడుగ్గా పెట్టుకోండి, తెలియని లింకులు నొక్కకండి అని ఏళ్లుగా చెబుతూనే ఉన్నారు. ఎందుకో తెలియని జాగ్రత్త ఎన్నాళ్లు నిలుస్తుంది?

ఈ పనికి కారణం మా పెద్ద కస్టమర్. కాంట్రాక్టు పొడిగించే ముందు ఒక పొడవాటి ప్రశ్నావళి పంపారు. మా డ్రాయింగులు మీ దగ్గర ఎవరెవరు చూడగలరు? ఉద్యోగం మానేసినవాళ్ల లాగిన్ ఎప్పుడు మూస్తారు? బయటి కంపెనీలకు మీ నెట్‌వర్క్‌లోకి దారి ఉందా? అనుమానం వస్తే మీ ఉద్యోగి ఎవరికి చెప్పాలి? నేను క్వాలిటీ విభాగంలో ఉంటాను, ఆడిట్లు నాకు అలవాటే. కంప్యూటర్ల సంగతి ఐటీ వాళ్లు చూసుకుంటారు, మనుషులతో మాట్లాడే పని మీరు చూడండి అన్నారు మా ఎండీ గారు.

ముందు చదవడం మొదలుపెట్టాను. మాండియంట్ అనే భద్రతా సంస్థ 2013 ఫిబ్రవరిలో ఒక నివేదిక బయటపెట్టింది. చైనా సైన్యంలోని 61398 యూనిట్‌దే అని వాళ్లు తేల్చిన ఒక బృందం 141 సంస్థల్లోకి చొరబడిందని అందులో ఉంది. నన్ను కుదిపేసింది ఆ సంఖ్య కాదు. చొరబడ్డాక సగటున 356 రోజులు ఎవరి కంటా పడకుండా లోపలే ఉన్నారట. ఒకచోటైతే నాలుగేళ్ల పది నెలలు. అప్పటిదాకా నా ఊహలో సైబర్ దాడి అంటే తెర మీద ఎర్ర అక్షరాలు, ఆగిపోయిన కంప్యూటర్లు. నిజమైన గూఢచారి ఏదీ ఆపడు. అన్నీ చక్కగా నడుస్తుంటేనే అతనికి లాభం.

మరుసటి ఏడాది మే నెలలో అమెరికా ఐదుగురు చైనా సైనికాధికారుల మీద నేరారోపణ చేసింది. చైనా ఖండించింది. ఆ ఆరోపణపత్రంలో ఏమేం పోయాయని రాశారో చదువుతుంటే నాకు మా స్టోర్‌రూమే కనిపించింది. అణు విద్యుత్ కేంద్రాలు కట్టే వెస్టింగ్‌హౌస్ నుంచి పోయినవాటిలో పైపుల కొలతలు, ఆ పైపులను మోసే ఊతాల డిజైన్లు, అవి భవనంలో ఏ దారిన వెళ్తాయో చెప్పే వివరాలు ఉన్నాయి. సౌర ఫలకాలు చేసే సోలార్‌వరల్డ్ నుంచి ఉత్పత్తి ఖర్చులు, నగదు లెక్కలు, లాయర్లతో నడిపిన ఉత్తరప్రత్యుత్తరాలు పోయాయి. బాధితుల్లో ఒక కార్మిక సంఘం కూడా ఉంది. రహస్యం అనగానే మనం ఏదో మహా ఆవిష్కరణ అనుకుంటాం. పైపు ఎటు తిరుగుతుందో, సరుకు మీద ఎంత మిగులుతుందో, దావాలో ఏం వాదించబోతున్నారో, ఇవి కూడా అవతలివాడికి బంగారమే.

చదివినవాటిలో మనసును బాగా కలచివేసింది ఏఎంఎస్‌సీ కథ. గాలిమరలను నడిపే సాఫ్ట్‌వేర్ తయారుచేసే అమెరికన్ కంపెనీ అది. దాని పెద్ద కస్టమర్ చైనాకు చెందిన సైనోవెల్. 2011లో ఆ కస్టమర్ ఉన్నట్టుండి సరుకు తీసుకోవడం మానేసింది. కొద్ది నెలలకు ఏఎంఎస్‌సీ ఇంజనీర్లకు చైనాలోని ఒక గాలిమరలో తమ సాఫ్ట్‌వేరే, తాము ఇవ్వని రూపంలో, నడుస్తూ కనిపించింది. ఆస్ట్రియాలోని వాళ్ల అనుబంధ సంస్థలో పనిచేసే ఒక ఇంజనీరు సోర్స్ కోడ్‌ను అమ్మేశాడు. 2018లో అమెరికా కోర్టు సైనోవెల్‌ను దోషిగా తేల్చి 15 లక్షల డాలర్ల జరిమానా వేసింది. చట్టం ప్రకారం అంతకంటే వేయడానికి వీల్లేదు. ఏఎంఎస్‌సీ వాటాదారులు పోగొట్టుకున్నది 100 కోట్ల డాలర్లకు పైనే. దాదాపు 700 మంది ఉద్యోగాలు పోయాయి, అంటే కంపెనీలో సగం మందికి పైగా. తర్వాత నేను ఏ సమావేశం పెట్టినా ఈ కథ చెప్పాను. డబ్బు లెక్క దగ్గర ఎవరూ కదలరు. ఉద్యోగాల మాట రాగానే గదిలో అందరూ నిటారుగా కూర్చుంటారు.

చదివింది చాలనిపించాక విభాగాల చుట్టూ తిరగడం మొదలుపెట్టాను. మన విలువైన సమాచారం జాబితా ఇవ్వండి అని మెయిల్ పెడితే పైపై మాటలే వస్తాయి. అందుకే ప్రతి ఒక్కరినీ ఎదురుగా కూర్చోబెట్టి ఒకటే అడిగాను: “రేపు మీరు మన పోటీదారు దగ్గర చేరారనుకోండి. ఏ ఒక్క ఫైలు వెంట తీసుకెళ్తే వాళ్లకు ఏళ్ల శ్రమ తప్పుతుంది?” కొందరు నొచ్చుకున్నారు, నన్ను అనుమానిస్తున్నారా అని. అనుమానం కాదు, మన ఇంట్లో ఏది ఎక్కడుందో మనకంటే బాగా ఎవరికి తెలుస్తుంది అని చెప్పాక నోరు విప్పారు.

హీట్ ట్రీట్‌మెంట్, అంటే లోహాన్ని కాల్చి చల్లార్చి గట్టిపరిచే పని, చూసే ఫోర్‌మన్ చెప్పిన జవాబు ఈ మొత్తం పనికి ఇరుసు అయింది. డ్రాయింగులు పోతే పోయాయి, కొలతలు వస్తువు కొని కొలిచినా తెలుస్తాయి అన్నారాయన. “ఏ ఉష్ణోగ్రతలో ఎంతసేపు ఉంచితే పగిలిపోయిందో, ఏ నూనెలో చల్లారిస్తే వంకర తిరిగిందో రాసిపెట్టిన పట్టిక ఉంది చూడండి. అది పోకూడదు. కుదిరిన పద్ధతి ఒక్కటే. కుదరనివి వందలు. వాళ్లకు ఆ వందలూ తప్పించుకునే వీలు దొరుకుతుంది.” ఆ పట్టిక ఎక్కడుందని అడిగాను. కంపెనీలో ఎవరైనా తెరవగలిగే షేర్డ్ ఫోల్డర్‌లో ఉంది. షిఫ్టు మారినప్పుడు చూసుకోవడానికి ఫొటోలు తీసి వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టుకున్నారు. ఆ గ్రూపులో ఉద్యోగం మానేసినవాళ్లు ఇంకా ఉన్నారు.

కొలిమి దగ్గరి ఈ తెలివి కోసం వేట ఈనాటిది కాదు, ఏ ఒక్క దేశానిదీ కాదు. ఫ్రెంచి జెస్యూట్ పాద్రి దాంత్రకోల్ 1712లో చైనాలోని జింగ్‌డెజెన్ పింగాణీ తయారీ వివరాలను యూరప్‌కు ఉత్తరాల్లో రాసి పంపాడు. 1848లో ఈస్టిండియా కంపెనీ రాబర్ట్ ఫార్చ్యూన్‌ను చైనాకు పంపింది తేయాకు మొక్కలు, ఆ పని తెలిసిన మనుషుల కోసమే. నేను ఈ సంగతులు ప్రతి సమావేశంలో కావాలనే చెప్పాను. ఎందుకంటే మొదటి సమావేశంలోనే ఒకరు లేచి, అయితే మన దగ్గరున్న ఆ దేశం వాళ్ల మీద కన్నేసి ఉంచాలా అని అడిగారు. ఆ దేశం నుంచి వచ్చిన సహోద్యోగి అదే గదిలో కూర్చుని ఉన్నారు. ఆయన ముఖం చూశాక ఈ విషయం తేల్చకుండా ముందుకు వెళ్లకూడదనుకున్నాను. అమెరికాలో టెంపుల్ యూనివర్సిటీ భౌతికశాస్త్ర ఆచార్యుడు షి షియావోషింగ్‌ను 2015 మేలో ఇలాంటి అనుమానంతోనే అరెస్టు చేశారు. ఆయన పంపిన చిత్రాలు వాళ్లు అనుకున్న పరికరానివి కావని నిపుణులు చెప్పాక అదే ఏడాది సెప్టెంబరులో కేసు ఎత్తేశారు. ఒక మనిషి, ఒక కుటుంబం నలిగిపోయింది. పుట్టిన దేశాన్ని బట్టి అనుమానించడం అన్యాయం. పైగా దాని వల్ల భద్రత కూడా రాదు, అసలు జరుగుతున్న దాని మీంచి కళ్లు పక్కకు పోతాయి. మా నియమం ఒక్కటే రాసుకున్నాం: మనిషి ఎవరని కాదు, అడుగుతున్నది ఏమిటి, ఎందుకు, ఆ అవసరం అతని పనిలో ఉందా అనే చూడాలి.

అందరినీ ఒకే హాల్లో కూర్చోబెట్టి ఒకే పాఠం చెప్పే పద్ధతి నాకు నచ్చలేదు. పదిమంది లోపు బృందాలుగా, ఏ విభాగానికి తగిన కథ ఆ విభాగానికి చెప్పాను.

డిజైన్ ఇంజనీర్లకు షు యాన్‌జున్ కేసు చెప్పాను. చైనా గూఢచార విభాగానికి చెందిన ఈయన మరో పేరుతో, విమాన ఇంజన్లు తయారుచేసే జీఈ ఏవియేషన్ ఇంజనీరు ఒకరిని 2017లో ఒక విశ్వవిద్యాలయంలో ప్రసంగించడానికి రప్పించారు. దారి ఖర్చులిచ్చారు, పారితోషికం ఇచ్చారు, మర్యాద చేశారు. తర్వాత మెల్లగా అడిగినవాటిలో ఒకటి, కంపెనీ ల్యాప్‌టాప్‌లో ఉన్న ఫైళ్ల పేర్ల జాబితా. ఫైళ్లు కూడా కాదు, పేర్లే. ఈ లోపు కంపెనీ, అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ రంగంలోకి దిగాయి. ఆ ఇంజనీరు వాళ్లకు సహకరించారు. షు 2018 ఏప్రిల్‌లో బెల్జియంలో దొరికారు, 2022లో 20 ఏళ్ల శిక్ష పడింది. మొదటి ఆహ్వానంలో నేరం వాసనే ఉండదన్నదే మా వాళ్లకు నేను గట్టిగా చెప్పదలచుకున్నది. మన ప్రతిభను ఎవరో గుర్తించారన్న సంతోషమే ఉంటుంది. ఉత్తర కొరియా వాళ్లవని చెప్పే బృందాలు పెద్ద కంపెనీల పేరుతో దొంగ ఉద్యోగావకాశాలు పంపి, అర్హత పరీక్ష అంటూ వైరస్ ఉన్న ఫైలు తెరిపించేదీ ఈ మెత్తని చోటును పట్టుకునే.

అకౌంట్స్ వాళ్లకు నాట్‌పెట్యా అనే, కంప్యూటర్లను పనికిరాకుండా చేసే వైరస్ కథ. 2017 జూన్ 27న ఉక్రెయిన్‌లో పన్ను లెక్కలకు వాడే ఎం.ఈ.డాక్ అనే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ద్వారా పాకింది అది. దాడి రష్యా సైనిక గూఢచార విభాగం పనేనని అమెరికా, బ్రిటన్ ప్రకటించాయి. దెబ్బ మాత్రం ఎక్కడో డెన్మార్క్ షిప్పింగ్ కంపెనీ మెర్స్క్‌కు కూడా తగిలింది. దాదాపు 4,000 సర్వర్లు, 45,000 కంప్యూటర్లు మళ్లీ మొదటి నుంచి సిద్ధం చేసుకోవాల్సి వచ్చింది. నష్టం 25 నుంచి 30 కోట్ల డాలర్లు. వాళ్లు ఎవరికీ శత్రువులు కారు. ఆ సాఫ్ట్‌వేర్ వాడే ఒక ఆఫీసు వాళ్లకుంది, అంతే.

కొనుగోళ్లు, అమ్మకాల వాళ్లకు ఆర్‌ఎస్‌ఏ కథ. 2011లో ఆ భద్రతా కంపెనీ ఉద్యోగులు కొందరికి నియామకాల ప్రణాళిక పేరుతో ఎక్సెల్ ఫైలున్న మెయిల్ వచ్చింది. అది జంక్ ఫోల్డర్‌లోకే వెళ్లింది. ఒకరు అక్కడి నుంచి తీసి తెరిచారు. అక్కడ దొంగిలించిన సమాచారాన్ని తర్వాత యుద్ధవిమానాలు తయారుచేసే లాక్‌హీడ్ మార్టిన్ మీద దాడికి వాడారు. అంటే మొదటి ఇల్లు దారి మాత్రమే, గమ్యం వేరే. మన దగ్గర ఏమీ లేకపోయినా మన కస్టమర్ ఉన్నాడు. అతనికి మన పేరుతో మెయిల్ వెళ్తే తెరుస్తాడు.

తర్వాత వచ్చింది యాజమాన్యంతో పేచీ. ఉత్తుత్తి ఫిషింగ్ మెయిళ్లు, అంటే నమ్మించి లింకు నొక్కించే దొంగ మెయిళ్ల లాంటివి, పంపి, ఎవరు నొక్కారో చూసి, వాళ్ల పేర్లు నోటీసు బోర్డులో పెట్టాలని, వార్షిక మదింపులో మార్కులు తగ్గించాలని ఒక ప్రతిపాదన వచ్చింది. నేను అస్సలు ఒప్పుకోలేదు. దండన భయం ఉన్నచోట నొక్కినవాడు నోరు మూసుకుంటాడు. ఆ మౌనమే 356 రోజులవుతుంది. ఎంతమంది నొక్కారన్నది కాకుండా, మొదటి ఫిర్యాదు ఎంతసేపటికి వచ్చిందో కొలుద్దామన్నాను. ఒక ఫోన్ నంబరు, అటు వైపు ఎప్పుడూ ఒక మనిషి. పొరపాటున నొక్కేశానని చెప్పినవాళ్లకు ముందు థ్యాంక్స్, తర్వాతే ప్రశ్నలు. చాలా చర్చ జరిగాక ఎండీ గారు నా వైపే నిలబడ్డారు. ఈ పని మొత్తంలో నాకు దక్కిన విలువైన గెలుపు ఇదే.

మిగతా నియమాల గురించి ఎక్కువ చెప్పను. రెండంచెల లాగిన్, విదేశీ ప్రయాణానికి విడిగా ఖాళీ ల్యాప్‌టాప్, సందర్శకులు ఫోన్లు బయట పెట్టడం, మానేసినవాళ్ల లాగిన్ అదే రోజు మూయడం, హీట్ ట్రీట్‌మెంట్ పట్టికకు తాళం. అందరూ గొణిగింది ఒక్క వాట్సాప్ గ్రూపు మూసినప్పుడే. దాని బదులు షాప్ ఫ్లోర్‌లో ఒక టాబ్లెట్ పెట్టాం. పనికి అడ్డం పడే నియమం పెట్టి ప్రత్యామ్నాయం ఇవ్వకపోతే జనం దొడ్డిదారి వెతుక్కుంటారు, వాళ్లను తప్పుపట్టడానికీ లేదు.

ఆ తర్వాత కొన్నాళ్లకు డిజైన్ విభాగంలోని ఒక అమ్మాయి ఆ నంబరుకు ఫోన్ చేసింది. లింక్డ్‌ఇన్‌లో ఒక కన్సల్టెన్సీ వాళ్లు పరిచయమయ్యారట. సీల్ పదార్థాల మీద గంటసేపు ఫోన్లో మాట్లాడితే మంచి మొత్తం ఇస్తామన్నారు. ఇలాంటి నిపుణుల సంప్రదింపులు నిజంగా ఉంటాయి, అందులో వింతేమీ లేదు. కానీ వాళ్లు ముందుగా పంపిన ప్రశ్నల్లో ఒకటి ఆమెను ఆపేసింది: మీ పరీక్షల్లో విఫలమైన మిశ్రమాలేవి? “సర్, ఇది ఫోర్‌మన్ గారు చెప్పిన పట్టికే కదా?” అంది. నేను మాట్లాడలేకపోయాను. ఏ సాఫ్ట్‌వేరూ పసిగట్టలేని విషయం అది.

ఆ ప్రొఫైల్ చూస్తే కొత్తగా పుట్టింది, వాళ్ల వెబ్‌సైట్ పేరు కూడా ఈమధ్యే రిజిస్టరయింది. వెంటనే విభాగాలన్నింటినీ అడిగాం. మరికొందరికీ అలాంటి సందేశాలే వచ్చాయి. ఐటీ వాళ్లు ఇక ఆగకుండా, నెట్‌వర్క్‌లోకి ఎవరు ఎప్పుడు వచ్చారో నమోదయ్యే పాత లాగ్‌లన్నీ తిరగేశారు. అక్కడ బయటపడింది, కంప్యూటర్ నడిపించే మా సీఎన్‌సీ యంత్రాల మరమ్మతులు చూసే ఒక సర్వీసు కంపెనీకి ఇచ్చిన రిమోట్ లాగిన్. ఏ మరమ్మతూ లేని రోజుల్లో, అర్ధరాత్రి వేళ దాన్ని ఎవరో వాడారు. మేం వాడలేదని ఆ కంపెనీ చెప్పింది. వాళ్ల పాస్‌వర్డ్ ఎక్కడో బయటపడి ఉండాలి. సేవలందించే కంపెనీల ద్వారా వాళ్ల కస్టమర్లలోకి దిగే ఈ పద్ధతి ప్రపంచానికి కొత్త కాదు. ఏపీటీ10 అనే బృందం చేసిన ‘క్లౌడ్ హాపర్’ దాడులు ఇలాంటివే. 2018 డిసెంబరులో అమెరికా దాని మీద ఇద్దరు చైనీయులపై అభియోగాలు మోపింది.

చూడగానే ఆ లాగిన్ తెంచేయాలని మా అందరి చేతులూ ఉరుకులాడాయి. బయటి నుంచి పిలిపించిన నిపుణులు ఆగమన్నారు. ఒక తలుపు మూస్తే లోపలివాడికి మనం చూశామని తెలిసిపోతుంది, మనకు తెలియని రెండో తలుపు నుంచి వస్తాడు. ముందు ఆధారాలు భద్రం చేయాలి, కంప్యూటర్లు ఆపకూడదు, ఆపితే మెమరీలో ఉన్న జాడలు పోతాయి. ఈ విషయం గురించి కంపెనీ మెయిల్‌లో మాట్లాడుకోకూడదు, అవతలివాడు చదువుతూ ఉండొచ్చు. దారులన్నీ వెతికి, ఒకే రాత్రి ఒక్కసారిగా మూసి, అందరి పాస్‌వర్డులూ మార్చాలి. అలాగే చేశాం. ప్రభుత్వ సైబర్ విభాగానికీ తెలియజేశాం.

ఏం పోయిందో పూర్తిగా తేల్చలేకపోయాం. లాగ్‌లు కొన్ని వారాలవే మిగిలాయి, పాతవి స్థలం కోసం వాటంతట అవే చెరిగిపోయే ఏర్పాటు ఎప్పటినుంచో ఉంది. ఇప్పుడు ఏడాది పాటు, వేరే చోట, ఎవరూ మార్చలేని విధంగా దాస్తున్నాం. వచ్చింది ఎవరో కూడా తేలలేదు. ఏ దేశమో చెప్పమని చాలామంది అడిగారు. కనిపించిన చిరునామాలు అద్దె సర్వర్లవి. వాటిని బట్టి ఒక దేశాన్ని వేలెత్తి చూపడం నిజాయితీ కాదని జవాబిచ్చాను. ఆ పని గూఢచార సంస్థలు చేయాలి. దారి మూయడానికి మాకు ఆ పేరు అవసరం లేదు.

కస్టమర్‌కు చెప్పాలా వద్దా అన్నది అన్నిటికంటే కష్టమైన చర్చ. ఆర్డరు పోతుందని సేల్స్ వాళ్లు భయపడ్డారు, ఆ భయం అర్థం లేనిదేమీ కాదు. వాళ్ల డ్రాయింగులు ఉన్న సర్వర్ దాకా ఆ లాగిన్‌కు దారి ఉంది కాబట్టి చెప్పకపోవడం వాళ్లను మోసం చేయడమే అవుతుందని నేను వాదించాను. చట్టం ఏమంటుందో లాయర్ చూశారు, కాంట్రాక్టులోనూ ఆ షరతు ఉంది. చెప్పాం. అటునుంచి వచ్చింది కోపం కాదు, వాళ్ల భద్రతా బృందం నుంచి ఒక పట్టిక. అనుమానాస్పద చిరునామాలు, ఫైలు పేర్లు, మీ దగ్గర వెతకండి అంటూ పంపారు. వాటిలో ఒకటి మా దగ్గర ఒక పాత కంప్యూటర్‌లో దొరికింది. మేం చెప్పి ఉండకపోతే అది అక్కడే ఉండేది. కాంట్రాక్టు పొడిగించారు, కొత్త షరతులతో.

ఇప్పుడు చేతిలో ఉన్న పని మా డ్రాయింగులు వెళ్లే చిన్న వర్క్‌షాపులది. వాళ్లకు ఐటీ విభాగం ఉండదు, ఖర్చు పెట్టే స్థోమత ఉండదు, భారమంతా వాళ్ల నెత్తిన వేసే హక్కు మాకు లేదు. అందుకని పూర్తి డ్రాయింగ్ కాకుండా వాళ్లు చేసే భాగం వరకే పంపుతున్నాం, పదార్థం వివరాలు విడిగా ఫోన్లో చెబుతున్నాం, పని అయ్యాక ఫైలుకు గడువు ముగిసేలా పెడుతున్నాం. అనుమానం వస్తే చేయడానికి మా ఫోన్ నంబరే వాళ్లకూ ఇచ్చాం. వాళ్ల దగ్గర మొదటి సమావేశంలో మాట్లాడేది హీట్ ట్రీట్‌మెంట్ ఫోర్‌మన్ గారు. నన్ను పక్కన కూర్చోమన్నారు.